ఆకుల గేటు

మా ఆయన ఆఫ్రికాలో ఒక గేటు దగ్గర ఏడాది కాపలా కాసి వచ్చాడు. ఇప్పుడు బౌరంపేటలో ఒక గేటెడ్ కమ్యూనిటీకి సెక్యూరిటీ సూపర్‌వైజరు. "బ్రహ్మ నీ నుదుటి మీద గేటు అనే రాసి పంపిండు" అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయనకు కోపం వచ్చేది కాదు. మా ఇంట్లో కోపమంతా నేనే వాడేసుకున్నాను, ఇంకెవరికీ మిగల్లేదు.

ముందు ఆ మొదటి గేటు సంగతి చెప్పాలి. సైన్యంలో ఆయన నౌకరీ చివరికి వచ్చినప్పుడు, నెత్తిన నీలి టోపీ పెట్టి శాంతి సేనతో పంపించారు. ఆ దేశంలో ఒకే గడ్డ మీద పుట్టినవాళ్లే రెండు పక్షాలై ఒకరినొకరు చంపుకుంటున్నారు. దేశం పేరు నేను రాయను. మాకు అయినవాళ్లు ఇంకా అక్కడ ఉన్నారు. నది ఒడ్డున ఒక చిన్న పట్నం, దాని పక్కన ముళ్లకంచె వేసిన పెద్ద క్యాంపు. తుపాకుల మోత లేచినప్పుడల్లా జనం మూటలు నెత్తిన పెట్టుకొని ఆ కంచె లోపలికి వచ్చేవాళ్లు. తగ్గాక మళ్లీ ఇళ్లకు పోయేవాళ్లు. ఆ కంచెకు ఉన్న గేట్లలో ఒకదాని దగ్గర మా ఆయన డ్యూటీ.

ఆ ఏడు ఉగాది నాడు మన తెలుగువాళ్లు కొంతమందికి ఇల్లు యాదికొచ్చింది. నది ఒడ్డున మామిడి చెట్లున్నాయి. ఆకులు తెంపుకొచ్చి, సుతిలి తాడుకు గుచ్చి, గేటుకు తోరణం కట్టారు. నీళ్ల డబ్బాలతో పోతున్న ఆడవాళ్లు ఆగి ఇదేమిటని అడిగారు. వాళ్ల భాషలో మా ఆయనకు వచ్చినవి నాలుగు ముక్కలు. అందులో "లోపలికి రండి" అనేది ఒకటి. ఆకులు చూపించి ఆ ముక్కే చెప్పాడు. తప్పేం చెప్పాడు, మన దర్వాజకు కట్టేదీ అందుకే కదా. ఆ ఆడవాళ్లకు అది మస్తు నచ్చింది. ఆకులు ఎండిపోయాక వాళ్లే కొత్తవి తెచ్చి కట్టడం మొదలుపెట్టారు. ఈయన తిరిగొచ్చే నాటికి ఆ పట్నంలో అందరూ దాన్ని ఆకుల గేటు అనే పిలుస్తున్నారట.

ఈ కథ మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ విన్నాడు. ఈయన మొదలుపెట్టగానే నేను వంటింట్లో గిన్నెలు గట్టిగా కడిగేదాన్ని.

మాది మేడ్చల్. ముందు గదిలో నేను కర్రీ పాయింట్ నడుపుతాను. పైన ఒక గది అద్దెకిస్తాం. ఒక రోజు మధ్యాహ్నం గిరాకీ తగ్గాక, గల్లీలో ఒక పొడుగాటి అమ్మాయి టు-లెట్ బోర్డు చూస్తూ నిలబడింది. నల్లటి పిల్ల, జడలు సన్నగా అల్లుకుంది, వీపున కాలేజీ బ్యాగు. అంతకుముందు జవహర్‌నగర్ దగ్గర ఒక గదిలో ఉండేదట. పక్కనున్న చెత్త డంపు వాసనకు అన్నం సహించక వదిలేసింది. నాగారంలో అడిగితే పేరు కూడా అడగకుండా లేదు పొమ్మన్నారట. నేను కూడా "ఖాళీ లేదమ్మా" అనే మాట నోట్లో తయారుగా పెట్టుకున్నాను. అంతలో మా ఆయన బయటికొచ్చి ఏ ఊరని అడిగాడు. ఆ పిల్ల విసుగ్గా దేశం పేరు చెప్పింది. ఈయన మళ్లీ, ఏ ఊరు అన్నాడు. ఈసారి ఊరి పేరు చెప్పింది.

అది ఆకుల గేటున్న పట్నమే. మా ఆయన తనకొచ్చిన నాలుగు ముక్కల్లో ఒకటి తీసి అన్నాడు. లోపలికి రండి.

ఆ పిల్ల అక్కడే మెట్టు మీద కూర్చొని ఏడ్చింది. నేను తాళంచెవి తెచ్చి ఇచ్చాను. ఇంకేం చేస్తాను?

ఆమె తెలుగంతా నా కౌంటరు దగ్గరే నేర్చుకుంది. అందుకే అందులో పప్పు, పులుసు, "జర ఆగు", "చిల్లర లేదు" ఎక్కువ. పక్కన చికెన్ షాపు భాయి దగ్గర దక్కనీ నేర్చుకుంది. నన్ను అమ్మా అనేది. ఈయన్ని మొదట అంకుల్ అనేది, గల్లీ పిల్లల మాటలు విని విని బాపు అనడం మొదలుపెట్టింది. వాళ్ల నాయిన ఆమె చిన్నప్పుడే పోయాడు, ఆ యుద్ధంలోనే. ఊళ్లో తల్లి ఉంది, చిన్న తమ్ముడున్నాడు, పిన్ని ఉంది. తల్లి నది ఒడ్డున చాయ్ అమ్ముతుంది. అమ్ముతూనే ఈ పిల్లను ఇంత దూరం చదువుకు పంపింది. చదువైపోయాక తల్లినీ తమ్ముణ్నీ ఆ ఊరి నుంచి బయటికి తీసుకురావాలని ఆ పిల్ల పట్టుదల. ఆమెకు అంతకు మించి ఇంకో కోరిక ఉన్నట్టు నేను చూడలేదు.

ఒక ఆదివారం చేతిలో చీటీ పట్టుకొని వంటింట్లోకి వచ్చింది. కాలేజీలో వాదన పోటీ పెట్టారట. చీటీలు తీస్తే ఈమెకు వచ్చిన విషయం, అంతర్యుద్ధాన్ని ఆపడానికి అంతర్జాతీయ శాంతి సేనలు పనికొస్తాయా అని. పనికొస్తాయని మాట్లాడాలి. ఎక్కడెక్కడి పిల్లలో ఉండగా ఆ చీటీ ఈ పిల్ల చేతికే రావాలా అని నాకు ఒళ్లు మండింది.

"బాపూ, నువ్వు పోయినవ్ గద. యుద్ధం ఆగిందా?" అని అడిగింది.

మా ఆయన నా కోసం ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. "ఆగలే బిడ్డ. మేం యుద్ధం ఆపనీకి పోలే. మధ్యల నిలవడనీకి పోయినం."

"మధ్యల నిలవడితే ఏమైతది?"

"ఇటోడు అటోన్ని కొట్టాలంటే మా పక్క నుంచి సుట్టు తిరిగి పోవాలె. గంతే."

నేను ఊరుకుంటానా. "గంతదానికి సముద్రం దాటి పోయినవా? కొంపలు కాలినంక పోయి నిలవడుడు ఏందయ్యా? చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టు."

ఆ సామెత అప్పటి నుంచి మళ్లీ నా నోట రాలేదు.

మా వెనక గల్లీ అన్నదమ్ముల సంగతి కూడా నేనే ఎత్తాను. ఇద్దరి మధ్య ఒక ప్రహరీ గోడ గొడవ. గొడ్డళ్ల దాకా పోయింది. పోలీసు స్టేషను నుంచి ఇద్దరు కానిస్టేబుళ్లను పంపితే, గోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. నా దగ్గరే కూరలు తినేవాళ్లు. వాళ్లున్నన్ని రోజులు గల్లీలో కుక్క కూడా మొరగలేదు. ఎలక్షన్ బందోబస్తుకని వాళ్లు అటు లేచారో లేదో, ఇటు పెద్దాయన తల పగిలింది.

"గా గొడవ యాడికీ పోలే. కుర్చీల కింద దాక్కుంది. కుర్చీలు తీసిండ్రు, బయటికొచ్చింది" అన్నాను. నా మాటకు నాకే ముచ్చటేసింది.

ఆ పిల్ల చీటీ మడిచి పట్టుకుంది. "అమ్మా, కుర్చీలున్నప్పుడు చిన్నాయన పెండ్లాం కాన్పు అయింది అన్నవ్ గద. ఆటో గల్లీలకి వచ్చింది, దవాఖానకు తీస్కపోయింది అన్నవ్."

"అవు, అన్న."

"గా పాప ఇప్పుడు బడికి పోతాంది. పొద్దున చూస్త నేను. కుర్చీలు లేకుంటే?"

మా ఆయన కత్తి పక్కన పెట్టి ఆ పిల్ల ముఖంలోకి చూశాడు.

"మా తమ్ముడు గూడ క్యాంపుల పుట్టిండు" అంది. "బయట కాల్చుకుంటున్నరు. లోపట మా అమ్మకు నొప్పులు. నేను పోటీల గిదే చెప్త."

"చెప్పు" అన్నాడు మా ఆయన. "గని ఒకటి యాది పెట్టుకో. మేం గాయానికి కట్టిన గుడ్డ అసుంటోళ్లం. గుడ్డ రక్తం ఆపుతది. మానుడు ఒంటి పని."

ఆ సాయంత్రం ముగ్గురం బండి మీద షామీర్‌పేట చెరువుకు పోయాం. దారిలో మామిడి తోట పక్కన బండి ఆపమని, కంచె మీంచి బయటికి వాలిన ఒక కొమ్మను ఆ పిల్ల చాలాసేపు పట్టుకొని నిలబడింది. నది ఒడ్డు చెట్లు అచ్చం ఇవేనట. చెరువు కట్ట మీద కూర్చున్నాక తల్లికి వీడియో కాల్ చేసింది.

నేను ఆమెను చూడడం అదే మొదటిసారి. పసుపు రంగు గుడ్డ తలకు చుట్టుకుంది. ముందు పళ్ల మధ్య సందు. నవ్వితే చేయి అడ్డం పెట్టుకుంటుంది, మా అమ్మ కూడా అలాగే చేసేది. మా ఆయన ఆమెకు గుర్తు లేడు. టోపీ పెట్టుకుంటే మీరందరూ ఒక్క తీరే ఉంటారందట. కానీ ఆకుల గేటు ఆమెకు బాగా తెలుసు. ఇప్పటికీ ఆడవాళ్లు వంతులు వేసుకొని ఆకులు కడుతున్నారట, తన వంతు కూడా ఉందట. గేటు దగ్గర ఇప్పుడు వేరే దేశం సిపాయిలు. వాళ్లకు ఆకులెందుకో తెలియదు, కానీ తీసేయరట. అది విని మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. సైన్యంలో అన్నేళ్లు చేసిన మనిషి, చెరువు కట్ట మీద అందరూ చూస్తుండగా.

ఏడుపు కప్పిపుచ్చుకోవడానికి మొగవాళ్లు నవ్వులాటకు దిగుతారు. ఈయనా అంతే. "మీ అమ్మకు చెప్పు బిడ్డ, ఆకులు ఎండితే లోపటికి రానియ్యరు అని. గా గేటుకు ఆకులు కట్టినోడే చెప్పిండని చెప్పు" అన్నాడు.

ఆ పిల్ల చెప్పింది. తల్లి చేయి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఏదో అంది.

"'నా వంతుల నేను ఆకు ఎండనియ్య' అంటాంది" అని ఆ పిల్ల చెప్పింది. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను.

వానలు మొదలయ్యాక అక్కడ మళ్లీ గొడవ లేచింది. మన టీవీల్లో ఒక్క ముక్క రాలేదు. వాళ్ల యుద్ధం మనకెందుకు, మనకు మన గోలలు చాలవా? ఆ పిల్ల ఫోనే మాకు టీవీ. ఒక పొద్దున, నేను చింతపండు నానబెడుతుంటే, ఫోను పట్టుకొని మెట్లు దిగి వచ్చింది. లైన్లో తల్లి. పట్నం అవతలి పక్క కాల్పులు మొదలయ్యాయి. కొందరు పడవల్లో నది దాటిపోదాం అంటున్నారు, కొందరు క్యాంపుకు పోదాం అంటున్నారు. ఏం చేయమంటావని కూతుర్ని అడుగుతోంది. కూతురు మా ఆయన వైపు చూసింది.

ఈయన డ్యూటీ బట్టల్లో ఉన్నాడు, బండి తాళాలు చేతిలో ఉన్నాయి. తొందరపడలేదు. కాల్పులు ఏ దిక్కున, నదికి ఎంత దగ్గర, పడవల రేవు ఎవరి చేతిలో ఉంది, అన్నీ అడిగాడు. ఆ పిల్ల అటు అడిగి ఇటు చెప్పింది. చివరికి అన్నాడు, "నది దాటొద్దని చెప్పు. రేవు కాడ సాటు ఉండదు. ఆకుల గేటుకే పొమ్మను. మావోళ్లుంటరు. తెరుస్తరు."

మావోళ్లు అన్నాడు. అక్కడున్నది వేరే దేశం వాళ్లని ఆయనకు తెలుసు. నీలి టోపీ పెట్టుకున్న ప్రతివాడూ ఆయన లెక్కలో మావోడే.

ఆ తర్వాత ఫోన్లు బందయ్యాయి.

ఎదురుచూడడం నాకు చేతకాదు. అన్నం ఉడకకపోతే మూత తీసి తిట్టే మనిషిని. ఆ పిల్ల మెట్ల మీద ఫోను ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే, నేను కుక్కర్ని తిట్టాను, గిరాకీలను తిట్టాను, తినడం లేదని ఆ పిల్లనూ తిట్టాను. "తినకుంటే యుద్ధం ఆగుతదా?" అన్నాను. ముద్ద కలిపి నోట్లో పెడితే రెండు బుక్కలు తిన్నది. చికెన్ షాపు భాయి పొద్దునా సాయంత్రమూ షట్టరు దగ్గర నిలబడి ఏమైనా కబురొచ్చిందా అని అడిగేవాడు. "కుచ్ ఖబర్ ఆయీ క్యా బేటీ?" లేదని తల ఊపితే, "ఫికర్ నక్కో కర్, ఖుదా హై" అని దేవుడి మీద భారం వేసి ధైర్యం చెప్పి లోపలికి పోయేవాడు. మా ఆయన బౌరంపేట నుంచి రాగానే బండి స్టాండు వేయకముందే నా ముఖం చూసేవాడు. ఆ చూపులోనే అంతా అడిగేవాడు. నేను ఏమీ లేదన్నట్టు చేయి ఊపేదాన్ని.

ఫోను మంచి గిరాకీ వేళ వచ్చింది. కౌంటరు ముందు జనం, నేను కవర్లో సాంబారు పోస్తున్నాను. మెట్ల మీద ఆ పిల్ల లేచి నిలబడింది. పిన్ని మాట్లాడుతోందని, తమ్ముడు బాగానే ఉన్నాడని నాకు సైగ చేసి చెప్పింది. నా ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆ పిల్ల వింటూ నిలబడింది. వింటూ వింటూ గోడకు ఆనుకుంది. నేను గరిటె వదిలేశాను. "ఇయ్యాల లేదు, పోండ్రి" అని అందర్నీ పంపించి షట్టరు దించాను.

పిన్ని చెప్పింది ఇది.

వాళ్లు ఆకుల గేటుకే పోయారు. అప్పటికే అక్కడ చాలామంది చేరారు. గేటు మూసి ఉంది. లోపల సిపాయిలు ఆగండి ఆగండి అని చేతులతో చూపిస్తున్నారు. పై నుంచి ఆర్డరు రావాలట. వెనక నుంచి కాల్పుల చప్పుడు దగ్గరికొస్తోంది. పిల్లలు ఏడుస్తున్నారు, ఆడవాళ్లు గేటు పట్టుకొని ఊపుతున్నారు. అప్పుడు ఈ పిల్ల తల్లి తలెత్తి తోరణం చూసింది. ఊరు గాబరాలో ఉంటే వంతులు ఎవరికి యాదుంటాయి? ఆకులు ఎండి ముడుచుకుపోయి ఉన్నాయి.

ఆకులు ఎండినాయి, అందుకే తెరవడం లేదని అందట. పిన్ని కసిరింది, పిచ్చి మాటలు మానమంది. ఆ గేటుకు మొదట ఆకులు కట్టిన మనిషే తనతో చెప్పాడని ఆమె అంది. కొడుకు చేయి పిన్ని చేతిలో పెట్టి, గుంపును తోసుకుంటూ నది వైపు పోయింది.

ఆమె పోయిన కాసేపటికే ఆర్డరు వచ్చింది. గేటు తెరిచారు. జనం నీళ్లలాగా లోపలికి దూరారు. ఆ తోపుడులో పిన్నీ పిల్లవాడూ లోపలికి వచ్చిపడ్డారు. గేటు మళ్లీ మూసేశారు. తల్లి మర్నాడు మామిడి చెట్టు దగ్గర దొరికింది. తలకు చుట్టుకునే గుడ్డలో ఆకులు మూటగట్టుకొని ఉంది.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. ఎవరు చెప్పాలి? నేనే చెప్పాను. షట్టరు సగం దించి, కూరగాయల సంచుల మధ్య నిలబెట్టి చెప్పాను. అంతా విన్నాడు. "నవ్వులాటకు అన్న" అన్నాడు. మళ్లీ అదే అన్నాడు. "నవ్వులాటకు అన్నగదనే." నేల మీద కూర్చుండిపోయాడు.

ఆ పిల్ల పై నుంచి దిగి వచ్చింది. ఈయన ఆమె ముఖం చూడలేకపోయాడు. "కొట్టు బిడ్డ" అన్నాడు. "నన్ను కొట్టు."

"తుపాకి నువ్వు కాల్చలే బాపు" అంది ఆ పిల్ల. ఆయన పక్కన కూర్చుంది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. నేను పొయ్యి వెలిగించి చాయ్ పెట్టాను. ఎవరూ తాగలేదు.

నాకు మాత్రం కోపం వచ్చింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. ఆ ఆర్డరు ఇచ్చేవాడు ఎక్కడ కూర్చుంటాడు? అతనికి ఫోను పోవడానికి అంతసేపా? ఎందుకు మూసి ఉంచారని మా ఆయన్ని నిలదీసి అడిగాను. ఆయన నిదానంగా చెప్పాడు. జనంలో తుపాకులున్నోళ్లు కలిసి వస్తే లోపల ఉన్నవాళ్లందరికీ ప్రమాదం, చూసుకొని తెరవాలి, తన చేతిలో ఉన్నా తానూ ఆర్డరు లేకుండా తెరిచేవాణ్ని కాదు అన్నాడు. ఆ చివరి మాట ఆయన చెప్పకుండా ఉండాల్సింది. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు నేను.

పోటీ రోజు వచ్చింది. పోవద్దని నేను అన్నాను, క్లాసు పిల్లలూ అన్నారు. ఆ పిల్ల వినలేదు. "చీటీ నా చేతికొచ్చింది. నేనే మాట్లాడాలె" అంది. మేమిద్దరం కాలేజీకి పోయి వెనక కుర్చీల్లో కూర్చున్నాం. ఆమె ఇంగ్లీషులో మాట్లాడుతుంటే మా ఆయన నా చెవిలో తెలుగు చేసి చెప్పాడు. అన్నదమ్ముల గోడ సంగతి చెప్పింది, కుర్చీల సంగతి చెప్పింది. ఆటోలో పోయిన ఆ తల్లి సంగతి చెప్పింది. అందరూ నవ్వారు. తర్వాత అంది, "మా ఊళ్లో ఒక కంచె ఉంది. కంచె లోపల మా తమ్ముడున్నాడు. బయట మా అమ్మను పూడ్చారు. ఆ కంచె లేకపోతే ఇద్దర్నీ పూడ్చేవాళ్లు. గేటు కాస్త ముందు తెరిస్తే ఇద్దరూ లోపలే ఉండేవాళ్లు. యుద్ధం మాత్రం ఇంకా ఉంది."

గంట కొట్టారు. ఇంతకీ నువ్వు పనికొస్తాయంటావా, రావంటావా అని ముందు వరసలో ఒక సారు అడిగాడు. ఆయన తప్పు లేదు, మార్కులు వేయాలి కదా. తెలియదు సార్ అని దిగి వచ్చింది. బహుమతి గడగడా అంకెలు చెప్పిన ఇంకొకరికి వచ్చింది.

ఆ తర్వాత వచ్చిన ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కడి నుంచి ఫోను వచ్చింది. తమ్ముడు. క్యాంపు లోపలే ఉంటున్నాడు, పిన్ని దగ్గర. తల్లి సంగతి పిన్ని వాడికింకా చెప్పలేదు. అమ్మ నది అవతలికి పోయింది, గొడవ తగ్గాక వస్తుందని చెప్పిందట. ఆ పిల్ల కూడా చెప్పలేకపోయింది. చెప్పమని మేమెట్లా అంటాం?

వాడికి సిపాయితో మాట్లాడాలట. ఆ పిల్ల స్పీకరు పెట్టి, ఫోను మా ఇద్దరి మధ్య పట్టుకొని నిలబడింది. వాడొక మాట, ఈమె తెలుగులో ఒక మాట.

"ఆకులు మొదలు కట్టింది నువ్వేనా అంటాండు."

"అవు బిడ్డ" అన్నాడు మా ఆయన.

"అమ్మ ఆకులకు పోయింది, అమ్మ అట్ల పోంగనే గేటు తెరిచిండ్రు, నేను చూసిన అంటాండు." ఆమె గొంతు బాగానే ఉంది. కౌంటరు దగ్గర ఎవరికేం కూర కావాలో నాకు చెప్పినట్టే చెబుతోంది. "అమ్మ ఆకులు తెంపింది గనుకనే తెరిచిండ్రు గద అని అడుగుతాండు."

మా ఆయన నా వైపు చూశాడు. అబద్ధమాడే మనిషి కాదు. డ్యూటీ విషయంలో అసలే కాదు. నేను తల ఊపాను. అనవయ్యా, అను, పసిపిల్లగాడు.

"అవు బిడ్డ" అన్నాడు. "మీ అమ్మ ఆకులతోనే తెరిచిండ్రు."

ఆ పిల్ల అది అటు చెప్పింది. వాడు సంతోషంగా గబగబా ఏదో అన్నాడు. ఈమె వెంటనే తెలుగు చేయలేదు.

"ఏమన్నడు?" అన్నాను.

"ఆకులు మళ్లా ఎండినయంట. అమ్మ వంతు తనే చేస్తడంట. రేపు కంచె కింద నుంచి దూరి నది కాడికి పోతడంట. ఆకులు పచ్చగుంటే అమ్మ వచ్చినప్పుడు జల్దీ తెరుస్తరంట."

మా ఆయన ఒక్కసారిగా లేచాడు, కుర్చీ వెనక్కి పడింది. "వద్దు. వద్దని చెప్పు బిడ్డ. బయట అడుగు పెట్టొద్దని చెప్పు. నేను అబద్ధం చెప్పిన అను. ఆకులతోని తెరవలే. ఆర్డరు వచ్చింది, గందుకు తెరిచిండ్రు. ఆకులు పచ్చగున్నా ఎండినా గేటుకు ఏం తెల్వదు. ఎవ్వరు ఆకులు తెచ్చినా గది అట్ల తెరుసుకోదు. గిది చెప్పు. జల్దీ చెప్పు."

తన తల్లి దేనికోసం చచ్చిపోయిందో, అది ఉత్తదే అని ఆ పిల్ల తన నోటితో తన తమ్ముడికి చెప్పాలి. చెప్పింది. ఒక్కొక్క మాటే, ఏదీ వదలకుండా చెప్పింది. నేను ఆమె వీపు మీద చేయి వేశాను.

అవతల పిల్లవాడు చిన్న గొంతుతో ఒక్క మాట అడిగాడు.

"మరి అమ్మ ఎందుకు పోయింది అంటాండు" అని ఆ పిల్ల మాకు తెలుగులో చెప్పింది. మేమేం చెబుతామోనని ఫోను అలాగే పట్టుకొని నిలబడింది.